ఊరే ఇల్లు: ఇన్యూట్ కుటుంబాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కెనడా ఉత్తర కొసన ఉన్న ఇన్యూట్ పల్లెల గురించి గత సంచికలో వేసిన వ్యాసంలో ఒక వాక్యం ఉంది: "అక్కడ ఒక కుటుంబం చల్లగా ఉందా లేదా అన్నది ఆ ఇంటివాళ్ల కంటే ఊరి మీదే ఎక్కువ ఆధారపడుతుంది." అదెలా నిజమో వివరంగా చెప్పమని చాలామంది ఉత్తరాలు రాశారు. అంత గొప్పగా చెప్పడం సరికాదని కొందరు గట్టిగానే కాదన్నారు. ఒకే తరహా ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: చిన్నప్పుడు పాఠాల్లో "ఎస్కిమోలు" అని చదువుకున్నాం. ఇన్యూట్ అంటే వాళ్లేనా? ఎంతమంది ఉంటారు?

ఎస్కిమో అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. కెనడాలోనూ గ్రీన్‌లాండ్‌లోనూ దాన్ని అవమానంగానే తీసుకుంటారు, కాబట్టి మానేయడం మంచిది. ఇన్యూట్ అంటే వాళ్ల భాషలో "మనుషులు". ఒక్కరైతే ఇనుక్. ఇన్యూట్ అన్న మాటే బహువచనం కనుక దానికి మళ్లీ "లు" తగిలించనక్కర్లేదు.

2021 జనగణనలో కెనడాలో ఇన్యూట్ జనాభా 70 వేల పైచిలుకు. వాళ్లలో పదింట ఏడు వంతుల మంది నునావుట్, నునావిక్, నునాట్సియావుట్, ఇనువియాలుయిట్ ప్రాంతం అనే నాలుగు స్వస్థలాల్లో, సుమారు యాభై ఊళ్లలో ఉంటున్నారు. నునావుట్‌లో 25 ఊళ్లున్నాయి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. రాజధాని ఇకాలుయిట్‌లోనే ఏడు వేల మంది చిల్లర. చాలా ఊళ్లు వెయ్యి గడప కూడా ఉండనివి. ఒకటో రెండో దుకాణాలు, ఒక ఆరోగ్య కేంద్రం, ఒక బడి, ఒక విమానపు పట్టీ. కింది జవాబులు చదివేటప్పుడు ఆ ఊరి పరిమాణాన్ని మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: ఇన్యూట్ తల్లి కొడుకుని "నాన్నా" అని పిలుస్తుందని చదివాను. మనమూ ముద్దుగా అలాగే పిలుస్తాం కదా! తాత పేరు మనవడికి పెట్టడం లాంటిదేనా?

పైకి అలాగే కనిపిస్తుంది, లోపలి లెక్క వేరు. మనం కొడుకుని "నాన్నా" అన్నప్పుడు అది గారాబం. అక్కడ అది చుట్టరికం. చనిపోయిన మనిషి పేరు బిడ్డకి పెడితే ఆ మనిషి తాలూకు వరసలన్నీ బిడ్డకి వస్తాయి. తన తండ్రి పేరు కొడుకుకి పెట్టిన తల్లి వాణ్ణి నాన్న అనే పిలుస్తుంది. ఆమె అన్నకీ వాడు నాన్నే. ఆ పోయినాయన భార్య ఇంకా ఉంటే, ఆ పసివాణ్ణి ఆవిడ "మా ఆయన" అంటుంది, బట్టలు కుట్టి తెస్తుంది, మాంసంలో మంచి ముక్క వాడికి పెడుతుంది. పేర్లకి ఆడా మగా భేదం లేదు. అమ్మమ్మ పేరు మగపిల్లాడికి రావచ్చు. ఒకే బిడ్డకి నాలుగైదు పేర్లుండొచ్చు, ఒక్కో పేరూ ఒక్కో ఇంటి గుమ్మం తెరుస్తుంది. ఒకే పేరున్న ఇద్దరు నునావిక్ ప్రాంతంలో ఒకరినొకరు "సౌనిక్" అంటారు. ఆ మాట "ఎముక" అన్న పదంతో ముడిపడినది.

దీనివల్ల కుటుంబానికి ఒరిగేదేమిటంటే, పుట్టిన రోజునే ఆ బిడ్డ బాగు చూడాల్సినవాళ్లు కనీసం రెండు మూడు ఇళ్లలో సిద్ధంగా ఉంటారు. ఇంట్లో తాగుడో గొడవో ఉన్న పిల్ల వేరే గడప తొక్కి "నేను నీ అమ్మని కదా" అనే హక్కుతో కూర్చోగలదు. మనిషి పోయిన ఇంట్లో దుఃఖం కూడా ఒక దారి పట్టుకుంటుంది. పోయినవారి పేరు మళ్లీ ఆ ఊరి వీధిలో వినిపిస్తుంది. తాత పేరున్న పిల్లాడిపై చెయ్యెత్తడానికి పెద్దలు వెనకాడతారు, ఎందుకంటే అది తాత మీద చెయ్యెత్తినట్టే.

ఈ అల్లికకి ప్రభుత్వం వల్ల చాలా చెరుపు జరిగింది. 1941 నుంచి ఇన్యూట్ ఒక్కొక్కరికీ నంబరు కొట్టిన బిళ్ల ఇచ్చారు. తూర్పువాళ్లకి ఒక అక్షరం, పడమటివాళ్లకి ఇంకో అక్షరం, ఆ పక్కన అంకెలు. కాగితాల మీద మనిషంటే ఆ నంబరే. 1968-71 మధ్య నంబర్ల బదులు ఇంటిపేర్లు పెట్టించారు. ఆ పనికి ఊరూరూ తిరిగినాయన ఏబ్ ఓక్పిక్ అనే ఇన్యూట్ నాయకుడు. బిళ్లలు పోయాయి కానీ, ఇంటిపేరు అన్న పద్ధతే వాళ్లది కాదు. అన్నదమ్ములకి వేరువేరు ఇంటిపేర్లు పడటం, అక్షరాలు తప్పు పడటం లాంటి చిక్కులు నేటికీ కాగితాల్లో ఉన్నాయి. ఇంట్లో పిలుపులు మాత్రం పాత లెక్కనే నడుస్తున్నాయి.

ప్రశ్న: కన్నబిడ్డను వేరేవాళ్లకి ఇచ్చేయడం అక్కడ మామూలేనట. అది బిడ్డను వదిలించుకోవడం కాదా? తల్లి మనసు ఒప్పుకుంటుందా?

ఇవ్వడం నిజమే, వదిలించుకోవడం కాదు. ఇంట్లో చిన్నపిల్లలు లేక బోసిపోయిన తాతా అమ్మమ్మలు, పిల్లలు కలగని చెల్లెలు, కొడుకు పోయిన పెదనాన్న... ఇలాంటివాళ్లు అడుగుతారు. చాలాసార్లు కడుపుతో ఉన్నప్పుడే నోటిమాటగా ఒప్పందం అయిపోతుంది. మరీ చిన్నవయసు తల్లి అయితే ఆమె తల్లే పెంచుకోవడం తరచూ జరుగుతుంది. దాపరికం లేదు. ఎవరు కన్నారో, ఎవరు పెంచుతున్నారో బిడ్డకీ తెలుసు, ఊరికీ తెలుసు. కన్నవాళ్లు అదే వీధిలో ఉంటారు. బిడ్డకి అనుబంధాలు తెగవు, రెట్టింపవుతాయి.

చట్టం ఇలా పనిచేస్తుంది. 1994లో వాయవ్య ప్రాంతాల చట్టసభ ఆచార దత్తతని గుర్తిస్తూ చట్టం చేసింది. 1999 ఏప్రిల్ 1న నునావుట్ వేరుపడినప్పుడు ఆ చట్టాన్ని తనతో తెచ్చుకుంది. ఊళ్లో దత్తత కమిషనర్ అని ఒకరుంటారు, ఆ ఊరి ఆచారం తెలిసినవారు. ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు ఆయనకో ఆవిడకో వివరాలు చెబుతారు. అది ఆచారం ప్రకారమే జరిగిందని తేలితే కమిషనర్ ధ్రువపత్రం రాసి కోర్టుకి పంపుతారు. అక్కడ నమోదైతే అది కోర్టు ఉత్తర్వుతో సమానం. వకీలు అక్కర్లేదు, వాదనలు లేవు. జరిగిపోయిన దత్తతకి గుర్తింపు ఇవ్వడమే గానీ, కోర్టు కొత్తగా దత్తత ఇప్పించడం కాదు. నునావిక్ ఉన్న క్యూబెక్ రాష్ట్రం ఇలాంటి గుర్తింపు ఇచ్చింది చాలా ఆలస్యంగా, 2017లో చేసిన చట్టంతో.

చెడేది ఎక్కడంటే, కాగితం దగ్గర. ఊరంతటికీ తెలిసిన విషయమే కదా అని నమోదు వాయిదా వేస్తారు. తర్వాత బిడ్డకి వైద్య కార్డు కావాలన్నా, పిల్లల భత్యం రావాలన్నా, విమానంలో దక్షిణాది ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా సంతకం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. బిడ్డ పుట్టిన వెంటనే ఆ పని పూర్తిచేయడమే మేలు.

తల్లి మనసు సంగతి అడిగారు. బాధ ఉండదని ఎవరూ అనరు. పెద్దల మాట కాదనలేక ఇచ్చి, ఏళ్ల తరబడి కుమిలినవాళ్లూ ఉన్నారు. పెద్దయ్యాక "నన్నే ఎందుకు ఇచ్చారు?" అని అడిగే పిల్లలూ ఉన్నారు. తల్లి ఇష్టపడి ఇచ్చినచోట, బిడ్డ కళ్లముందే పెరిగినచోట ఈ పద్ధతి నిలబడుతుంది. ఆ రెంటిలో ఏది లోపించినా ఆ గాయం అందరికీ మిగులుతుంది.

ప్రశ్న: వేటాడిన మాంసం ఊరంతా పంచుతారట. ఎవరికెంత అని ఎవరు నిర్ణయిస్తారు? ఇప్పటికీ జరుగుతోందా, పాత కథేనా?

ఇప్పటికీ జరుగుతోంది. ఇన్యూట్ కుటుంబ క్షేమం అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం పట్టుకున్నా చాలు, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాం.

వేట మీద బతికే చోట ఒక ఇంటికి పది రోజులు ఏమీ దొరక్కపోవచ్చు, పదకొండో రోజు ఒక వాల్రస్ (పొడుగు దంతాల పెద్ద సముద్ర జంతువు) దొరకొచ్చు. ఒక్క ఇల్లే అయితే పది రోజులు పస్తు, ఆ తర్వాత కుళ్లిపోయేంత మిగులు. ఇరవై ఇళ్లు కలిస్తే రోజూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి దొరుకుతుంది. పంపకం అక్కడ దానం కాదు, బీమా.

పాతరోజుల్లో మధ్య ఆర్కిటిక్‌లోని నెట్సిలిక్ అనే ఇన్యూట్ తెగవాళ్లలో చలికాలపు సీల్ (నీటికుక్క లాంటి సముద్ర జంతువు) వేటకి లెక్క చాలా కచ్చితంగా ఉండేది. సీల్‌ని పేరున్న ముక్కలుగా కోసేవారు. ఒక్కో ముక్కకి ఒక్కో జీవితకాలపు భాగస్తుడు. ఇద్దరూ ఒకరినొకరు ఆ ముక్క పేరుతోనే పిలుచుకునేవారు. దగ్గరి బంధువులు ఎలాగూ తింటారు కనుక, ఈ భాగస్వామ్యం వాళ్లని వదిలి దూరపువాళ్లతో కలిపేవారు. చుట్టరికం లేని ఇంటితో కూడా పొయ్యి సంబంధం ఏర్పడేది.

నేడు దారి కొంచెం వేరు. వేటగాడు తెచ్చినదాన్ని ముందు తన ఇంటికి కాక తల్లిదండ్రుల ఇంటికో మామగారింటికో చేరుస్తాడు. అక్కడి పెద్దావిడ లేదా పెద్దాయన భాగాలు చెబుతారు. మొదట కొడుకుల, కూతుళ్ల ఇళ్లు. తర్వాత వేటకి వెళ్లలేని ముసలివాళ్లు, మగదిక్కు లేని ఇళ్లు. అప్పటికీ మిగిలితే ఊరి రేడియోలోనో ఫేస్‌బుక్‌లోనో "మా ఇంట్లో మాంసం ఉంది, రండి" అని చెబుతారు. నేల మీద అట్టముక్కలు పరిచి మాంసం పెడతారు. ఉలు అనే అర్ధచంద్రాకారపు కత్తితో ఎవరికి కావాల్సింది వాళ్లు కోసుకుని అక్కడే తింటారు, సంచిలో ఇంటికీ పట్టుకెళ్తారు. ఎవరూ ఎవరి పళ్లెంలోకీ చూడరు.

కుర్రాడు కొట్టిన మొదటి జంతువుని మొత్తంగా పంచిపెట్టాలి. నునావిక్‌లో ముఖ్యమైన భాగం సనాజికి వెళ్తుంది. సనాజి అంటే వాడు పుట్టినప్పుడు బొడ్డు కోసినావిడ. ఆడపిల్ల కుట్టిన మొదటి వస్తువూ ఆమెకే. ఇచ్చినప్పుడు ఆవిడ ఆనందంతో చేసే హంగామా చూసి, తన చేతి పని పదిమంది కడుపు నింపుతుందన్న సంగతి ఆ పిల్లాడి ఒంటికి పడుతుంది. ఏ బడిలోనూ దీనికి సాటివచ్చే పాఠం లేదు.

ఒంటికి మేలు కూడా తక్కువేం కాదు. తిమింగలం చర్మంతో కొవ్వు కలిసిన మక్తాక్‌ని పచ్చిగా తింటే వంద గ్రాములకి 30 మిల్లీగ్రాముల పైగా విటమిన్ సి వస్తుంది. ఒక్క చెట్టూ లేని నేలలో తరాల తరబడి బతికింది అలాగే. సీల్ మాంసంలో ఇనుము పుష్కలం.

ఇక చెడేది ఎక్కడ? మొదటిది డబ్బు. వేటకి స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి), పెట్రోలు, తూటాలు, పడవ, ఉపగ్రహ ఫోను కావాలి. ఉద్యోగమున్నవాడికి డబ్బుంది, వేటకి వెళ్లే తీరిక లేదు. తీరిక ఉన్నవాడికి పెట్రోలు పోయించుకునే డబ్బు లేదు. చాలా ఇళ్లు ఈ ముడిని తామే విప్పుకుంటాయి: నర్సుగానో టీచరుగానో పనిచేసే అక్క పెట్రోలు పోయిస్తే తమ్ముడు వేటకి వెళ్తాడు. అలాంటి అక్క లేని ఇంటి సంగతే కష్టం. 2017 సర్వేలో ఇన్యూట్ స్వస్థలాల్లో 15 ఏళ్లు దాటినవాళ్లలో 76 శాతం మందికి తిండికి భరోసా లేదని తేలింది. పంపకం ఉన్నా అంత ఆకలి ఉందంటే, పంచడానికి ఊళ్లోకి వచ్చేది తగ్గిందని అర్థం. విమానంలో వచ్చే కూరగాయలు, పాలు కొనాలంటే జీతం చాలదు.

నునావిక్ దీనికి ఒక మంచి దారి పట్టుకుంది. 1975లో క్యూబెక్‌తో కుదిరిన జేమ్స్ బే ఒప్పందం పుణ్యమా అని అక్కడ వేటగాళ్ల సహాయ పథకం వచ్చింది. ఊరి పాలకవర్గం ఆ నిధితో వేటగాళ్ల దగ్గర మాంసం, చేపలు కొని ఊరి ఫ్రీజర్‌లో పెడుతుంది. కావాల్సిన ఇంటివాళ్లు ఉచితంగా తీసుకుంటారు. డబ్బు చేతులు మారితే పంచే గుణం చచ్చిపోతుందని కొందరు పెద్దలు భయపడ్డారు. ఆ భయంలో న్యాయముంది. అయినా కొనేది ఊరు, తినేది ఊరు కనుక పంపకం బతికిందనే చెప్పాలి. వేటగాడు మనిషికింత అని విడిగా అమ్ముకోవడం మొదలైనచోట అది నిజంగానే చిక్కిపోతోంది.

రెండోది జబ్బు. వాల్రస్ మాంసంలో ట్రైకినెల్లా అనే సన్నటి పురుగు ఉండొచ్చు. ఆర్కిటిక్ రకం గడ్డకట్టినా చావదు, కాబట్టి ఫ్రీజర్ రక్షణ కాదు. పచ్చిగా తింటే జ్వరం, ముఖం వాపు, కండరాల నొప్పులు. పంచుకునే ఊళ్లో ఒక్క జంతువు నుంచి డజన్ల మందికి సోకుతుంది. 1980ల్లో సలూయిట్ ఊళ్లో అలాగే జరిగింది. తర్వాత నునావిక్ వాళ్లు పెట్టుకున్న పద్ధతి చూడండి: కొట్టిన ప్రతి వాల్రస్ నుంచి నాలుక ముక్క కోసి, ఏ ముక్క ఏ జంతువుదో గుర్తు వేస్తారు. నాలుకలు విమానంలో కూజువాక్‌లోని పరిశోధనశాలకి వెళ్తాయి. ఫలితం వచ్చేదాకా మాంసం ఊరి ఫ్రీజర్‌లో విడివిడిగా ఆగుతుంది. పురుగు లేదని తేలాకే రేడియోలో ప్రకటిస్తారు, పంపకం మొదలవుతుంది. ఉందని తేలిన జంతువుని ఎవరికీ ఇవ్వరు. తినొద్దని ఆంక్ష పెట్టకుండా, పంచే దారి మధ్యలో ఒక జల్లెడ పెట్టారు. బయటి వైద్యశాఖలు నేర్చుకోవాల్సింది ఇదే.

పులియబెట్టిన వాల్రస్ మాంసం ఇగునాక్ విషయంలో ప్రమాదం ఇంకొకటి. చల్లటి రాళ్ల కింద, గాలి తగిలేలా పాతిపెట్టడం పాత పద్ధతి. ప్లాస్టిక్ డబ్బాలో మూతబిగించి వెచ్చటి గదిలో పెడితే గాలిలేని చోట బొటులిజం విషం పుడుతుంది. వంట అదే, పాత్ర మారింది, ప్రాణం మీదికి వచ్చింది.

ప్రశ్న: వాళ్లకి కలిసి ఉండటమే ఇష్టమైతే ఇరుకిళ్లు సమస్య ఎందుకవుతాయి? ఉమ్మడి కుటుంబం మంచిదేగా?

చాలామందికి తట్టే ప్రశ్నే. 2021 లెక్కల్లో ఇన్యూట్ స్వస్థలాల్లో ఉండే ఇన్యూట్‌లో సగానికి పైగా, అంటే 52.9 శాతం మంది ఇరుకిళ్లలో ఉన్నారు. ఇది కెనడా ప్రమాణం ప్రకారం వేసిన లెక్క: పడకగదికి ఇద్దరికి మించకూడదు, పెళ్లికాని పద్దెనిమిదేళ్లు దాటినవారికి వేరే గది, అయిదేళ్లు దాటిన అన్నాచెల్లెళ్లకి వేరువేరు గదులు. తాతమ్మతో మనవరాలు పడుకోవడాన్ని కూడా ఇరుకు కింద రాసే లెక్క అది. అంతమాత్రాన బాధ అబద్ధమైపోదు.

తేడా కదలికలో ఉంది. వెనకటి మకాంలో నాలుగైదు నుంచి పది కుటుంబాలు ఉండేవి. మంచుఇల్లు చిన్నదే, అందులో ఒత్తుకునే పడుకునేవాళ్లు. అన్నదమ్ములకి పడకపోతే ఒకడు కుక్కలబండి కట్టుకుని ఇంకో మకాంకి వెళ్లిపోయేవాడు. కోపం చల్లారాక తిరిగొచ్చేవాడు. గొడవకి వాళ్ల మందు దూరం. 1950 నుంచి 1975 మధ్య నేటి నునావుట్‌లోని బాఫిన్ ప్రాంతంలో సుమారు వంద మకాంల జనాన్ని 13 స్థిరమైన ఊళ్లలోకి చేర్చారు. బడి అక్కడే, భత్యం అక్కడే, వైద్యం అక్కడే. బండ్లు లాగే కుక్కల్ని పోలీసులు, అధికారులు పెద్ద సంఖ్యలో కాల్చేశారు. ఇన్యూట్ స్వయంగా నడిపిన కికిక్టానీ సత్య కమిషన్ 2007-10 మధ్య ఆ సాక్ష్యాలన్నీ నమోదు చేసింది. 2021 ఆగస్టులో కెనడా ప్రభుత్వం బాఫిన్ ప్రాంతపు ఇన్యూట్‌కి క్షమాపణ చెప్పింది. కుక్కలు పోయాక వెళ్లిపోయే దారి పోయింది. ఇప్పుడు గొడవపడ్డవాడు అదే హాల్లో అదే సోఫా మీద పడుకోవాలి, ఎందుకంటే ఊళ్లో ఖాళీ ఇల్లు లేదు.

జబ్బుల సంగతి: క్షయ ఇన్యూట్‌లో ఉన్న రేటు, కెనడాలో పుట్టిన ఆదివాసులు కానివారి రేటు కంటే సుమారు 300 రెట్లని 2018లో ప్రకటించారు. 2030 నాటికి తుడిచిపెట్టాలని గడువు పెట్టుకున్నారు. పసిపిల్లల ఛాతీ జబ్బులూ ఎక్కువే. చలికి కిటికీలు బిగించిన ఇంట్లో పది మంది ఊపిరి తిరుగుతూ ఉంటుంది. లోపలి వేడి పోకుండా గాలి మార్చే యంత్రాలు ఉన్న ఇళ్లలో పిల్లల పిల్లికూతలు తగ్గాయి. కానీ వాటి జాలీలు నెలల తరబడి శుభ్రం చేయకపోతే మూసుకుపోతాయి. చల్లగాలి కొడుతోందని కొందరు ఆపేస్తారు. కొత్త ఇల్లు కట్టినంత ముఖ్యం, ఆ ఊళ్లోనే ఒక మనిషికి ఆ యంత్రం మరమ్మతు నేర్పడం.

ప్రశ్న: కాన్పుకి ఊరు వదిలి వెళ్లాలట. నిజమేనా?

చాలా ఊళ్లలో నిజమే. నెలలు నిండే నెల ముందే, 36-37 వారాలకి, విమానం ఎక్కించి ఇకాలుయిట్‌కో, యెల్లోనైఫ్‌కో, విన్నిపెగ్‌కో పంపుతారు. అక్కడ వసతి గృహంలో ఎదురుచూపు. ఇంటి దగ్గర మిగతా పిల్లలు ఎవరి చేతిలోనో. బొడ్డు కోసి జీవితకాలపు బంధం కట్టుకోవాల్సిన సనాజి వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

నునావిక్‌లోని పువిర్నిటుక్ ఊరి ఆడవాళ్లు దీన్ని ఒప్పుకోలేదు. 1986లో అక్కడ ప్రసూతి కేంద్రం తెరిపించారు. ఊరి అమ్మాయిలకే పనిలో పెట్టి మంత్రసాని విద్య నేర్పారు. తర్వాత ఇనుక్జువాక్, సలూయిట్‌లలోనూ వచ్చాయి. ప్రతి గర్భిణి సంగతీ ఒక సంఘం కూర్చుని చూస్తుంది. అందులో మంత్రసాని మాటకి బరువెక్కువ. ప్రమాదం కనిపిస్తే ముందుగానే దక్షిణాదికి పంపుతారు. పెద్దాపరేషన్ చేసే వీలు నునావిక్‌లో లేదు, మాంట్రియల్‌కి గంటల ప్రయాణం. ఆ సంగతి తెలిసే, బరువు బేరీజు వేసే ఆ ఊళ్లు తమ బిడ్డలు తమ దగ్గర పుట్టాలని కోరుకున్నాయి. దశాబ్దాలుగా మంచి ఫలితాలతో నడుస్తోంది.

ప్రశ్న: పిల్లల్ని అసలు తిట్టరంటారు. అలా అయితే మాట ఎలా వింటారు?

"ఇసుమా" అని ఒక మాటుంది: ఆలోచన, బుద్ధి. అది పిల్లల్లో మెల్లగా మొలుస్తుందని వాళ్ల నమ్మకం. ఇంకా ఇసుమా రాని పిల్లాడి మీద అరిచే పెద్దవాడు తనకే ఇసుమా లేదని చాటుకున్నట్టు. అందుకని మందలింపుకి బదులు ప్రశ్న వేస్తారు. చెల్లెల్ని కొట్టినవాణ్ణి "చెల్లికి నొప్పెట్టాలనా?" అని మామూలు గొంతుతో అడిగి వదిలేస్తారు. సమాధానం చెప్పక్కర్లేదు, ఆలోచిస్తే చాలు. రెండు మూడేళ్లు వచ్చేదాకా బిడ్డ తల్లి వీపున అమావుటి అనే కోటు సంచిలోనే ఉంటుంది కనుక ఏడవకముందే అవసరం తెలుస్తుంది. పని నేర్పడమూ అంతే. చూడనిస్తారు, చెయ్యనిస్తారు, తప్పు చేస్తే మళ్లీ చెయ్యనిస్తారు.

ఇది తెగిపోయింది వసతి బడుల వల్ల. ఆరేడేళ్లకే ఇంటి నుంచి తీసుకెళ్లి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన చోట పెరిగినవాళ్లు తమ పిల్లల దగ్గరికి ఏ పెంపకం తీసుకెళ్తారు? అందుకే నునావుట్‌లో పెద్దల మాటల్ని ఆధారం చేసుకుని "ఇనున్గుయినిక్" అనే తల్లిదండ్రుల శిక్షణ తయారు చేశారు. ఆ మాటకి అర్థం "మనిషిని మనిషిగా తయారుచేయడం".

ప్రశ్న: ఇంత చక్కని బంధాలుంటే యువత ఆత్మహత్యలు ఎందుకు అంత ఎక్కువ? మీ వ్యాసం దీన్ని దాటేసింది.

నిజమే, దాటకూడదు. 2016 జులైలో కూజువాక్‌లో ఇన్యూట్ జాతీయ సంస్థ విడుదల చేసిన నివారణ ప్రణాళిక ప్రకారం నాలుగు ప్రాంతాల్లో ఆ రేటు కెనడా సగటుకి 5 నుంచి 25 రెట్లు. కానీ ఇది సనాతనంగా ఉన్నది కాదు. 1970లకి ముందు చాలా తక్కువ. పెరిగింది ఊళ్లలో స్థిరపడ్డాక పుట్టి పెరిగిన తరంలో. పెద్దల ప్రపంచం వేట, పిల్లల ప్రపంచం బడి. మధ్యలో మాట్లాడుకునే భాష కూడా చాలాచోట్ల పలచబడింది.

ఇగ్లూలిక్ వంటి ఊళ్లలో "బాగుండటం అంటే ఏమిటి?" అని జనాన్నే అడిగితే వచ్చిన జవాబులు మూడు: కుటుంబంతో ఉండటం, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, పాత జ్ఞానాన్ని చేతల్లో పెట్టడం. సంతోషం లేకపోవడానికి చెప్పిన కారణాలూ అవే మూడూ లేకపోవడం. ఎవరి దగ్గరైనా చూడదగ్గ సంగతి ఇది: వాళ్లు తమ లోపలి బాధ గురించి అడిగితే బంధాల గురించి చెప్పారు.

పనిచేస్తున్నవి ఊరి చేతిలో ఉన్నవే. నునావుట్‌లోని క్లైడ్ రివర్ ఊళ్లో ఇలిసాక్సివిక్ అనే సంఘం 1990ల నుంచి నడుస్తోంది. ఊరి మనుషులకే ఇనుక్టిటుట్ భాషలో కౌన్సిలింగ్ నేర్పి నిలబెట్టారు. బయటి నుంచి వచ్చే నిపుణుడు ఏడాదికో రెండేళ్లకో వెళ్లిపోతాడు. మళ్లీ కొత్తవాడికి కథ మొదటి నుంచి చెప్పాలి. విసిగిన పిల్లలు చెప్పడమే మానేస్తారు. ఊరి కౌన్సిలర్ ఎక్కడికీ పోడు. కుటుంబాల్ని వారాల తరబడి మంచు మీదికి, వేట మకాంలకి తీసుకెళ్లడం కూడా వాళ్ల చికిత్సలో భాగం. నలుగురి ఎదుట నోరు విప్పని కుర్రాడు స్నోమొబైల్ బాగుచేస్తూ మామయ్యతో మాట్లాడతాడు. చెడేది నిధులతో: ఏటా మార్చి నెలాఖరుకి గ్రాంటు ముగిసిపోతుంది. సరిగ్గా మకాంలకి వెళ్లే వసంతం ముందు.

ప్రశ్న: ఊరు ఊరంటున్నారు. భర్త కొడితే ఆ ఊరే ఆడదాని నోరు మూయిస్తుంది కదా?

మూయిస్తుంది, చాలాసార్లు. ఎనిమిది వందల మంది ఊళ్లో కొట్టినవాడి అక్క ఆరోగ్య కేంద్రంలో దుభాషి కావచ్చు, మేనమామ పెద్దమనిషి కావచ్చు. చాలా ఊళ్లలో తలదాచుకునే ఆశ్రయ గృహమే లేదు. ఆమె బయటపడాలంటే విమానం ఎక్కాలి, అంటే పైన చెప్పిన పేర్లు, పంపకాలు, చుట్టరికాలు అన్నీ ఆమే వదులుకోవాలి. కొట్టినవాడు ఊళ్లోనే ఉంటాడు. ఇది అన్యాయం, దీనికి ఆచారం పేరు పెట్టకూడదు.

నునావుట్‌లో 2008లో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టంలో రెండు దారులున్నాయి. అత్యవసర రక్షణ ఉత్తర్వు ఒకటి: అతణ్ణి ఇంటి నుంచి బయటికి పంపి, ఆమెనీ పిల్లల్నీ ఇంట్లో ఉంచొచ్చు. రెండోది ఊరి జోక్యపు ఉత్తర్వు: ఇద్దరినీ సంప్రదాయ ఇన్యూట్ కౌన్సిలర్ దగ్గరికి పంపుతుంది. ప్రాణభయం ఉన్నచోట మొదటిదే అడగాలి. రాజీ మాటలు ఆ తర్వాత. ఆ వరస తలకిందులైనచోటే ప్రాణాలు పోయాయి.

ప్రశ్న: సోషల్ వర్క్ విద్యార్థిని. ఇన్యూట్ కుటుంబాల మీద ప్రాజెక్టు చేయాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?

"ఇన్యూట్ సంస్కృతి" అని కాక ఒక ఊరు, ఒక అంశం ఎంచుకోండి. పువిర్నిటుక్ కాన్పులు, క్లైడ్ రివర్ కౌన్సిలర్లు, నునావిక్ ఊరి ఫ్రీజర్... ఇలా. ప్రాంతం పేరు, సంవత్సరం లేని ఏ వాక్యాన్నీ నమ్మకండి, రాయకండి. నునావిక్ పద్ధతిని నునావుట్‌కి అంటగట్టడం అందరూ చేసే తప్పు. ముందు ఇన్యూట్ సంస్థలు స్వయంగా వెలువరించిన నివేదికలు చదవండి. కికిక్టానీ సత్య కమిషన్ సాక్ష్యాలు, 2004లోనూ 2017లోనూ జరిగిన నునావిక్ ఆరోగ్య సర్వేలు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

ఫోన్లోనో వీడియోలోనో అక్కడి మనుషుల్ని అడగాలనుకుంటే, నునావుట్‌లో పరిశోధనకి చట్టప్రకారం లైసెన్సు కావాలి. నునావుట్ పరిశోధన సంస్థ ఇస్తుంది. దరఖాస్తుతో పాటు మీ పని సారాంశం ఇన్యూట్ భాషలోనూ ఉండాలి. ఊరి అభిప్రాయం అడిగాకే అనుమతి వస్తుంది, కాబట్టి చదువు గడువుకి చాలా నెలల ముందే పంపండి. ప్రశ్నలు తయారు చేసేటప్పుడు "మీ కుటుంబంలో ఎంతమంది?" అని రాయకండి. ఆ అంకె ఇంటి గోడల దగ్గర ఆగిపోతుంది. "నిన్న మీరు తిన్న మాంసం ఎవరు తెచ్చారు, మీరు ఎవరికి పంపారు? మీ పేరు ఎవరిది, ఆ పేరున్నందుకు మిమ్మల్ని ఎవరు ఏమని పిలుస్తారు?" అని అడగండి. పని పూర్తయ్యాక మీరు రాసింది వాళ్ల భాషలో ఆ ఊరికి పంపడం మర్చిపోవద్దు. ఊరి రేడియోలో చదువుతారు.